‘ఎప్పుడూ రెండోదే’ అన్న కంపెనీలో చేరవచ్చా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక సర్వీస్ కంపెనీలో ఆరేళ్లుగా చిప్ వెరిఫికేషన్ ఇంజినీర్‌గా పని చేస్తున్నాను. పోయిన వారం కంప్యూటర్ చిప్‌ల కంపెనీ ఏఎండీ హైదరాబాద్ ఆఫీసు నుంచి ఆఫర్ వచ్చింది. ఎఫ్‌పీజీఏ (తయారయ్యాక కూడా లోపలి పనిని మార్చుకోగలిగే చిప్) వైపు టీమ్ అని చెప్పారు. జీతం ఇప్పటికంటే బాగా ఎక్కువే కానీ ప్యాకేజీలో దాదాపు మూడో వంతు షేర్ల రూపంలో నాలుగేళ్లలో వస్తుంది. మా మావయ్య ఒకప్పుడు సికింద్రాబాద్‌ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కంప్యూటర్లు అసెంబుల్ చేసి అమ్మేవారు. ‘ఏఎండీ ఎప్పుడూ ఇంటెల్ తర్వాత రెండోదే. పదేళ్ల కిందట మునిగిపోబోయింది. దాన్ని నమ్ముకుని ఉన్న ఉద్యోగం వదులుకుంటావా?’ అంటున్నారు. ఆఫీసులో ఫ్రెండ్స్ ‘ఇక ఏఐ అంతా వాళ్లదే, కళ్లు మూసుకుని వెళ్లిపో’ అంటున్నారు. మేం మియాపూర్‌లో ఫ్లాట్ చూస్తున్నాం, లోన్ తీసుకోవాలి. వచ్చే శుక్రవారంలోపు జవాబు చెప్పాలి. అసలు ఈ కంపెనీకి ఉన్న బలం ఏమిటి, బలహీనత ఏమిటి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

సమాధానం: చేరమనే చెబుతానమ్మా. మీ నిద్ర కోసం ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. అయితే మీ ఫ్రెండ్స్ చెప్పిన కారణంతో మాత్రం చేరవద్దు. ఇంటి లోన్ లెక్కలో ఆ షేర్లను కలపవద్దు. ఈ రెండు మాటలూ ఎందుకంటున్నానో కాస్త వివరంగా రాస్తాను. ఈ రంగంలో ఇరవై ఏళ్లకు పైగా పని చేసినదాన్ని, మీలాంటి పిల్లలు పుకార్లు విని నిర్ణయాలు తీసుకోవడం చూస్తే మనసు ఊరుకోదు.

మీ మావయ్య గారితో మొదలుపెడదాం. ఆయన చెప్పింది ఉత్త మాట కాదు. ఏఎండీ 1969లో పుట్టింది, ఇంటెల్ కంటే ఒక్క ఏడాది చిన్నది. ఐబీఎం తన పీసీకి ఇంటెల్ చిప్ ఎంచుకున్నప్పుడు, ఒక్క కంపెనీ మీదే ఆధారపడలేమనీ అదే చిప్‌ను తయారు చేసే ఇంకో కంపెనీ ఉండాలనీ పట్టుబట్టింది. అలా 1982లో ఇంటెల్‌తో చేసుకున్న ఒప్పందంతో ఏఎండీ ఆ రెండో కంపెనీ అయింది. అంటే రెండోదిగా ఉండటం దానికి ఒప్పందం ప్రకారం దక్కిన చోటు. ఆ తర్వాత ఇద్దరూ ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్లాడుకున్నారు.

కానీ మావయ్య గారికి ఒక సంగతి గుర్తు చేయండి. 2003లో ఆప్టెరాన్ చిప్‌తో ఏఎండీ పాత 32 బిట్ ప్రోగ్రాములు కూడా నడిచేలా 64 బిట్ పద్ధతిని తెచ్చింది. ఇంటెల్ అప్పటికి ఐటానియం పేరుతో పూర్తిగా వేరే దారిలో వెళ్తోంది. ఆ దారి ఎవరికీ నచ్చలేదు. చివరికి ఇంటెల్ కూడా ఏఎండీ పద్ధతినే తీసుకుంది. ఈ రోజు ఇంటెల్ చిప్ ఉన్న లాప్‌టాప్ తెరిచినా, లోపల నడిచే 64 బిట్ ఆదేశాల పట్టిక మొదట ఏఎండీ రాసిందే. నాకు ఆ కంపెనీ మీద గౌరవం అక్కడి నుంచే మొదలైంది.

మునిగిపోబోయింది అన్నది మాత్రం అక్షరాలా నిజం. 2006లో గ్రాఫిక్స్ చిప్‌ల కంపెనీ ఏటీఐని 540 కోట్ల డాలర్లకు కొని అప్పుల్లో పడింది. 2009 నాటికి సొంత ఫ్యాక్టరీలను అబుదాబి పెట్టుబడితో గ్లోబల్‌ఫౌండ్రీస్ అనే వేరే కంపెనీగా విడదీయాల్సి వచ్చింది. మగవాడైతే సొంత ఫ్యాబ్ (చిప్ ఫ్యాక్టరీ) ఉండాలి అన్న అర్థంలో మాట్లాడిన జెర్రీ శాండర్స్ స్థాపించిన కంపెనీ అది! 2011లో వచ్చిన బుల్‌డోజర్ డిజైన్ దెబ్బ తింది. 2013లో ఆస్టిన్‌లో ఉన్న సొంత ఆఫీసు క్యాంపస్‌ను అమ్మి, అందులోనే అద్దెకున్నారు. 2015లో షేరు ధర 2 డాలర్ల లోపుకు పడింది. ఆ రోజుల్లో ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ రెండింటిలోనూ వాళ్ల చిప్‌లే ఉండటం వల్ల ఊపిరి నిలిచింది.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. మీరు చిప్ పనిలో ఉన్నారు కాబట్టి ఇట్టే అర్థమవుతుంది. అంత చీకటి రోజుల్లో, 2012లోనే, జెన్ అనే కొత్త కోర్ (ప్రాసెసర్‌లో అసలు లెక్కలు చేసే భాగం) పని మొదలుపెట్టారు. అది బజారుకు వచ్చింది 2017 మార్చిలో. మధ్యలో 2014 అక్టోబరులో లీసా సూ సీఈఓ అయ్యారు. డబ్బు లేని ఇంట్లో ఏవేవో పనులు ఆపేసి, ఆ ఒక్క పనికి మాత్రం అన్నం పెట్టారు. మామిడి మొక్క నాటితే కాపుకు నాలుగైదేళ్లు పడుతుంది కదా. చిప్ కంపెనీ కూడా అంతే. ఇవాళ పేపర్లో కనిపించే లాభం ఎప్పుడో నాలుగైదేళ్ల కిందట నాటిన మొక్కది. అందుకే చిప్ కంపెనీని ఈ ఏడాది కాపు చూసి లెక్క కట్టకూడదు. ఇప్పుడు ఏం నాటుతున్నారు, ఎవరి చేత నీళ్లు పెట్టిస్తున్నారు అన్నది చూడాలి. 2015లో షేరు ధర చూసి పారిపోయినవాళ్లకు జెన్ కనిపించలేదు. ఈ రోజు షేరు ధర చూసి పరుగెత్తేవాళ్లకు 2029 కనిపించదు.

ఇప్పుడు బలం సంగతి. అందరూ చెప్పేది సొంత ఫ్యాక్టరీ లేకపోవడమే వాళ్లకు కలిసొచ్చిందని. నిజమే, అయితే అది అంత సులువుగా రాలేదు. ఫ్యాక్టరీలను విడదీసినా చాలా ఏళ్లు గ్లోబల్‌ఫౌండ్రీస్ దగ్గరే కొనాలన్న షరతు వాళ్ల మెడకు ఉండేది. వేరే చోట చేయించుకునే వెసులుబాటు కోసం 2016లో 10 కోట్ల డాలర్లు ఎదురు కట్టారు. 2018లో గ్లోబల్‌ఫౌండ్రీస్ 7 నానోమీటర్ల పని (ఈ అంకె తగ్గేకొద్దీ తయారీ పద్ధతి కొత్తది, సూక్ష్మమైనది) తనవల్ల కాదని మానుకుంది. అప్పుడు ఏఎండీ తన ముఖ్యమైన చిప్‌లన్నీ తైవాన్‌లో ఇతర కంపెనీల చిప్‌లు తయారు చేసిచ్చే టీఎస్‌ఎంసీకి పట్టుకెళ్లింది. సరిగ్గా అదే కాలంలో ఇంటెల్ తన 10 నానోమీటర్ల పద్ధతిలో ఇరుక్కుపోయింది. 2016లో వస్తుందన్నది 2019కి గానీ పెద్ద ఎత్తున రాలేదు. ఏఎండీ గెలుపులో ఆ తడబాటుకు పెద్ద వాటా ఉంది. దీన్ని ఒప్పుకోకుండా ఏఎండీని పొగిడేవాళ్ల మాట నేను నమ్మను.

అయితే నాకు అంతకంటే గొప్పగా అనిపించే బలం చిప్లెట్లు. మీకు తెలిసిందే, మిగతా పాఠకుల కోసం చెబుతాను. చీర నేసేటప్పుడు ఒక్కచోట తప్పు పడినా చీర మొత్తం సెకండ్స్‌లోకి పోతుంది. అంతే బట్టలో చేతిరుమాళ్లు నేస్తే ఆ ఒక్క రుమాలే పోతుంది. సిలికాన్ పళ్లెం మీదా ఇదే లెక్క. పెద్ద చిప్ చేస్తే ఒక్క మచ్చకు మొత్తం పారేయాలి. చిన్న ముక్కలు చేసి పక్కపక్కన అతికితే నష్టం తక్కువ. 2019 నాటి రెండో తరం ఎపిక్ సర్వర్ చిప్‌లో కోర్లున్న 8 చిన్న ముక్కలను టీఎస్‌ఎంసీ దగ్గర 7 నానోమీటర్లలో చేయించి, వాటిని కలిపే మధ్య ముక్కను గ్లోబల్‌ఫౌండ్రీస్ దగ్గర పాత, చవకైన 14 నానోమీటర్లలో చేయించారు. మొత్తం 64 కోర్లు. ఖరీదైన పద్ధతి అవసరమైన చోటే వాడారు. అదే చిన్న ముక్కను ఇంటి కంప్యూటర్లలో వాడే రైజెన్ చిప్‌లోనూ పెట్టారు. ఒకే డిజైన్ టీమ్ కష్టం రెండు బజార్లలో అమ్ముడుపోయింది. డబ్బు తక్కువున్న ఇల్లాలు ఒకే పప్పుతో పూటకో వంట చేసినట్టు చేశారు. 2017కు ముందు సర్వర్లలో దాదాపు లేనట్టే ఉన్న కంపెనీ ఇప్పుడు అమ్ముడయ్యే ప్రతి నాలుగు ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ చేసే తరహా) సర్వర్ చిప్‌లలో ఒకటికి పైగా తనదే చేసుకుంది.

ఆ పొదుపు ఇప్పటికీ వాళ్ల గుణమే. 2024లో ఏఎండీ పరిశోధనకు సుమారు 645 కోట్ల డాలర్లు ఖర్చు చేస్తే, ఇంటెల్ 1,650 కోట్లు ఖర్చు చేసింది. ఏఐ చిప్‌లలో ముందున్న ఎన్విడియా ఖర్చు దాదాపు 1,290 కోట్లు. ఈ చిన్న సైన్యం ఒక పక్క ఇంటెల్‌తో, ఇంకో పక్క ఎన్విడియాతో ఒకేసారి పోరాడుతోంది. ఇందులో గొప్పతనమూ ఉంది, భయమూ ఉంది. ఒక్క తరం డిజైన్ తప్పితే సర్దుకోవడానికి మిగులు తక్కువ.

బలహీనతల్లో మొదటిది ఆ ఫ్యాక్టరీ సంగతే. టీఎస్‌ఎంసీ ముందు క్యూలో ఆపిల్, ఎన్విడియా కూడా నిలబడి ఉంటాయి, ఆర్డర్లు వాళ్లవి ఇంకా పెద్దవి. తైవాన్ చుట్టూ ఉన్న రాజకీయం సంగతి చెప్పనక్కర్లేదు. అరిజోనాలోని టీఎస్‌ఎంసీ ఫ్యాక్టరీలో కొన్ని చిప్‌లు చేయించే ఏర్పాటు చేసుకుంటున్నారు. అది మంచిదే, కానీ అది కూడా టీఎస్‌ఎంసీయే కదా. మరోపక్క ఇంటెల్ 18ఏ అనే తన కొత్త తయారీ పద్ధతితో లేచి నిలబడాలని చూస్తోంది. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వమే అందులో దాదాపు పదో వంతు వాటా తీసుకుంది. మావయ్య గారి ఇంటెల్‌ను అప్పుడే చనిపోయినదానిలా లెక్కేయకండి. ఆఫీసు లాప్‌టాప్‌ల బజారులో కంపెనీలు ఇప్పటికీ అలవాటుగా అడిగేది ఇంటెల్‌నే.

రెండోది మీ ఫ్రెండ్స్ మాటకు జవాబు. ఏఐ అంతా ఏఎండీదే అన్నది లెక్కకు నిలవదు. 2024లో ఏఎండీ డేటా సెంటర్ అమ్మకాలు మొత్తం కలిపి 1,260 కోట్ల డాలర్లు. అందులో ఏఐ గ్రాఫిక్స్ చిప్‌లవి 500 కోట్లకు కొంచెం పైన. ఇంచుమించు అదే ఏడాదికి ఎన్విడియా డేటా సెంటర్ అమ్మకాలు 11,520 కోట్ల డాలర్లు. చిప్ బాగాలేక ఇంత తేడా రాలేదు. 2023 డిసెంబరులో వచ్చిన ఎంఐ300ఎక్స్‌లో 192 జీబీ మెమరీ ఉంటే, అప్పటి ఎన్విడియా హెచ్100లో 80 జీబీయే. ప్రపంచంలోని అతి వేగమైన సూపర్ కంప్యూటర్లు ఫ్రాంటియర్, ఎల్ కాపిటన్ రెండూ ఏఎండీ చిప్‌లతోనే నడుస్తున్నాయి.

తేడా సాఫ్ట్‌వేర్‌లో ఉంది. తన గ్రాఫిక్స్ చిప్‌లకు ప్రోగ్రాములు రాయడానికి వాడే ‘కూడా’ (CUDA) అనే సాఫ్ట్‌వేర్‌ను ఎన్విడియా 2007 నుంచే కాలేజీల్లోకి, ల్యాబుల్లోకి పంపింది. ఎందరో విద్యార్థులు, పరిశోధకులు ఆ భాషలోనే నేర్చుకున్నారు, ఆ అలవాటుతోనే ఉద్యోగాలకు వచ్చారు. దానికి పోటీగా ఏఎండీ ఆర్‌ఓసీఎం సాఫ్ట్‌వేర్ వచ్చింది 2016లో, అదీ చేతిలో డబ్బు లేని రోజుల్లో. అంటే ఆ మొక్క తొమ్మిదేళ్లు ఆలస్యంగా నాటారు, నీళ్లు కూడా అరకొరగా పోశారు. చిప్‌ను డబ్బు పెట్టి రెండేళ్లలో మార్చవచ్చు. ఒక తరం ఇంజినీర్ల చేతి అలవాటును మార్చడం అలా కుదరదు. ఆ లోటు తీర్చుకోవడానికే 2024లో ఫిన్లాండ్‌కు చెందిన సైలో ఏఐని కొన్నారు, ఆ తర్వాత సర్వర్ ర్యాక్‌లు డిజైన్ చేసే జడ్‌టీ సిస్టమ్స్‌ను కొన్నారు. నాటినవి మంచి మొక్కలే. కాపు ఇంకా చూడాలి.

2025 అక్టోబరులో చాట్‌జీపీటీ కంపెనీ ఓపెన్‌ఏఐతో 6 గిగావాట్ల (అంత కరెంటు వాడేన్ని ఏఐ చిప్‌ల) ఒప్పందం జరిగినప్పుడు మీ ఆఫీసులో అంతా సంబరపడి ఉంటారు. పెద్ద విషయమే. అయితే ఆ ఒప్పందంలో, అనుకున్నవన్నీ అనుకున్నట్టు జరిగితే, ఓపెన్‌ఏఐకి 16 కోట్ల దాకా ఏఎండీ షేర్లు నామమాత్రపు ధరకు దక్కుతాయి. అది కంపెనీలో సుమారు పదో వంతు. గిరాకీదారుడిని రప్పించడానికి ఇంట్లో వాటా రాసివ్వాల్సి వచ్చిందంటే, ఎన్విడియాతో బేరం ఎంత కష్టంగా ఉందో అర్థం చేసుకోండి. చైనా సంగతి వేరు. 2025 ఏప్రిల్‌లో అమెరికా ఆంక్షల వల్ల చైనాకు అమ్మే ఎంఐ308 ఏఐ చిప్‌ల మీద దాదాపు 80 కోట్ల డాలర్ల దెబ్బ పడవచ్చని కంపెనీయే చెప్పింది. అలాంటివి ఇంజినీర్ల చేతిలో ఉండవు.

ఇంతా చెప్పి ఇప్పుడు అసలు మాటకు వస్తాను. మీరు చేరబోయేది ఏఐ టీమ్ కాదు, సీపీయూ టీమ్ కూడా కాదు. మావయ్య గారు ఒక ఏఎండీ గురించి మాట్లాడుతున్నారు, ఫ్రెండ్స్ ఇంకో ఏఎండీ గురించి మాట్లాడుతున్నారు, మీ కుర్చీ ఉన్నది మూడో ఏఎండీలో. ఎఫ్‌పీజీఏ అన్న వస్తువును ప్రపంచానికి ఇచ్చిన జైలింక్స్ కంపెనీ 1984లో మొదలైంది. 2022 ఫిబ్రవరిలో ఏఎండీలో కలిసింది. హైదరాబాద్‌లో ఆ కంపెనీకి అంతకుముందు నుంచే మంచి ఇంజినీరింగ్ బలగం ఉంది. మీ టీమ్‌లో సీనియర్లు బహుశా ఆ వేరు నుంచి వచ్చినవాళ్లే అయి ఉంటారు.

ఈ వైపు బలం ఏమిటంటే నిలకడ. టెలికం టవర్లు, ఆస్పత్రి స్కానింగ్ మెషీన్లు, రాడార్లు, ఫ్యాక్టరీ యంత్రాలు – వీటిలో ఒకసారి ఎఫ్‌పీజీఏ కూర్చుంటే పది, పదిహేనేళ్లు అదే ఉంటుంది. పెద్ద పోటీదారు ఆల్టెరా ఒక్కటే. దాన్ని 2015లో ఇంటెల్ 1,670 కోట్ల డాలర్లకు కొని, పదేళ్ల తర్వాత దాదాపు సగం విలువకే లెక్క కట్టి 51 శాతం వాటా అమ్మేసుకుంది. పోటీ అంత నీరసించిన చోట మీరు చేరుతున్నారు.

బలహీనత కూడా వినండి. కరోనా తర్వాత గిరాకీదారులంతా సరుకు నిల్వ చేసుకున్నారు. ఆ నిల్వలు అయ్యేదాకా కొనడం తగ్గించారు. ఎఫ్‌పీజీఏలు ఉన్న ఏఎండీ ఎంబెడెడ్ విభాగం అమ్మకాలు 2023తో పోలిస్తే 2024లో మూడో వంతు పడిపోయి దాదాపు 360 కోట్ల డాలర్లకు చేరాయి. కంపెనీ మొత్తం అమ్మకాలు రికార్డు స్థాయిలో 2,580 కోట్లకు చేరిన ఏడాదే అది! అదే ఏడాది నవంబరులో సుమారు 4 శాతం మందిని తీసేశారు. పెద్ద కొడుకు వెలిగిపోతున్న ఇంట్లో రెండో కొడుకుకు బట్టలు ఆలస్యంగా వస్తాయి. మనుషులు, డబ్బు, పై అధికారుల శ్రద్ధ ఏఐ వైపు పోతున్నప్పుడు మీ టీమ్‌కు ఏం మిగులుతోంది అన్నదే మీరు తెలుసుకోవాల్సిన ప్రశ్న.

నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట మేం పని చేసిన చిప్‌ను టేపౌట్‌కు (పూర్తయిన డిజైన్‌ను ఫ్యాక్టరీకి పంపడానికి) రెండు నెలల ముందు ఆపేశారు. రెండేళ్ల కష్టం. ఆ కంపెనీ అప్పుడు మంచి లాభాల్లోనే ఉంది. ఆ రోజు సాయంత్రం మా వెరిఫికేషన్ టీమ్ అంతా క్యాంటీన్‌లో మాట్లాడకుండా కూర్చున్నాం. కంపెనీ బలంగా ఉండటం వేరు, నా ప్రాజెక్టు బలంగా ఉండటం వేరు అని నాకు అప్పుడు తెలిసింది. అందుకే శుక్రవారంలోపు మీ హైరింగ్ మేనేజర్‌తో ఒక అరగంట మాట్లాడాలని హెచ్‌ఆర్‌ను అడగండి. ఆఫర్ ఇచ్చాక అలా అడగడం తప్పు కాదు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఆయనను అడగాల్సింది ఇదీ: ఇది కొత్త తరం చిప్ పనా, ఉన్నదాని మీద చిన్న మార్పుల పనా? టేపౌట్ ఎప్పుడు అనుకుంటున్నారు? టెస్ట్ ప్లాన్ ఇక్కడే రాస్తారా, లేక వేరే దేశంలో రాసి రెగ్రెషన్లు (ఉన్న టెస్టులనే మళ్ళీ మళ్ళీ నడపడం) మాత్రం ఇక్కడ నడిపిస్తారా? ఈ చివరిది చాలా ముఖ్యం. ఆరేళ్లు సర్వీస్ కంపెనీలో చేశారు కాబట్టి, ఎవరో రాసిన ప్లాన్‌కు టెస్టులు రాయడం మీకు బాగా వచ్చే ఉంటుంది. చిప్‌లో ఒక బ్లాక్‌కు మొదటి నుంచి సైన్ఆఫ్ (అంతా సరిగ్గా ఉందని ఖాయం చేయడం) దాకా మీరే బాధ్యులయ్యే అవకాశం ఉందంటే, జీతం ఇంకాస్త తక్కువైనా నేను వెళ్లమనేదాన్ని. రేపు ఏఎండీకి ఏమైనా, ఆ పని తెలిసిన మనిషికి హైదరాబాద్‌లో క్వాల్‌కామ్ ఉంది, ఇంటెల్ ఉంది, ఇంకా ఎన్నో ఉన్నాయి. అలా కాకుండా రెగ్రెషన్లు చూసుకోవడమే పని అని తేలితే మాత్రం మళ్ళీ ఆలోచించండి. అలాంటి పనికి కంపెనీ పేరు మారినా మీ చేతికి కొత్తగా ఏమీ రాదు.

ఇక షేర్లు. 2024 మార్చిలో ఏఎండీ షేరు 200 డాలర్లు దాటింది. 2025 ఏప్రిల్‌లో 80 లోపుకు పడింది. అదే ఏడాది అక్టోబరులో మళ్ళీ 200 దాటింది. ఆ మధ్య కాలంలో కంపెనీ అమ్మకాలు పెరుగుతూనే ఉన్నాయి. అంటే మీరు ఎంత బాగా పని చేసినా, కంపెనీ ఎంత బాగా నడిచినా, ఆ మూడో వంతు ప్యాకేజీ సగానికి పైగా తగ్గిపోగలదు. బ్యాంకు ఈఎంఐ మాత్రం ఒక్క రూపాయి తగ్గదు. అందుకే మియాపూర్ ఫ్లాట్ ఈఎంఐ, ఇంటి ఖర్చు రెండూ కేవలం చేతికొచ్చే నెల జీతంలో సరిపోతాయా లేదా చూసుకోండి. సరిపోకపోతే చిన్న ఫ్లాట్ చూడండి, లేదా ఏడాది ఆగండి. షేర్లు వచ్చిన రోజు ధర ప్రకారం అవి జీతంలో కలిసి పన్ను పడుతుంది. తర్వాత అమ్మితే లాభం మీద మళ్ళీ పన్ను. 24 నెలలకు మించి ఉంచుకుంటే అది దీర్ఘకాల లాభం కింద వస్తుంది. విదేశీ కంపెనీ షేర్లు కాబట్టి, అమ్మకపోయినా సరే, ప్రతి ఏడాది ఆదాయపు పన్ను రిటర్న్‌లో విదేశీ ఆస్తులు రాసే షెడ్యూల్ ఎఫ్‌ఏలో చూపించాలి. ఇది చాలామంది మర్చిపోయి నోటీసులు తెచ్చుకుంటున్నారు. వచ్చినవాటిలో కొన్ని ఎప్పటికప్పుడు అమ్మి వేరే చోట దాచుకోండి. ఉద్యోగమూ, పొదుపూ రెండూ ఒకే కంపెనీ మీద పెట్టుకోవద్దు.

ఇంకో చిన్న మాట. ఇప్పటి కంపెనీలో నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులో మీరు రాయలేదు. చేరే తేదీ కాగితం మీద రాసి ఇచ్చాకే రాజీనామా మెయిల్ పంపండి. మేనేజర్ టెస్ట్ ప్లాన్ గురించి ఏం చెప్పారో నాకు రాయండి, ఎదురుచూస్తుంటాను.